చాంగీ నుంచి కాంచనబురి దాకా: చెరలో బతికిన ప్రేమల వెంట

నేను రాస్తున్న నవలలో ఒక జంట ఉంది. 1930ల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా కొబ్బరి తోటల్లో కూలికి చేరినవాళ్లు. 1943లో జపాన్ సైన్యం ఆ భర్తను సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రైలుపనికి పట్టుకుపోతుంది. అక్కడిదాకా కథ సాఫీగా వచ్చింది. ఆ తరవాత ఆ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఏం చేసి ఉంటారు, అసలు ఏం చేయగలిగి ఉంటారు అన్న చోట కలం ఆగిపోయింది. తెలియని బాధను ఇంట్లో కూర్చుని ఊహించి రాయబుద్ధి కాలేదు. అందుకే మా ఆయనా నేనూ సంక్రాంతి ముందు సింగపూరులో దిగి, మలేసియా మీదుగా థాయ్‌లాండ్‌లోని కాంచనబురి దాకా వెళ్లొచ్చాం. చూసిన మొహాలు, విన్న గొంతులు మరుపుకు రాకముందే రాసి పెడుతున్నాను.

శనివారం, చాంగీ

సింగపూరులో మా చిన్నమ్మ కూతురింట్లో దిగాం. పొద్దున్నే ఉప్మా పెట్టి, "అక్కా, అందరూ చాంగీ అంటే ఎయిర్‌పోర్టు అంటారు, నువ్వు జైలు అంటున్నావు" అంది. తనక్కడ ఇల్లు పెట్టి ఏళ్లయింది, మ్యూజియంకి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదట. మాతో బయల్దేరింది.

తానా మేరా స్టేషన్ దగ్గర 2వ నంబరు బస్సెక్కాం. పాత జైలు గోడ కనబడగానే మ్యూజియం అదేననుకుని దిగిపోయాం. కాదు, అది ఇప్పటికీ నడుస్తున్న జైలు. పాత జైలును పడగొట్టి కొత్తది కట్టినప్పుడు ఎదుటి గోడ 180 మీటర్ల మేర, రెండు బురుజులు, పెద్ద ద్వారం మాత్రం ఉంచేశారు. బూడిదరంగు కాంక్రీటు, కిటికీ అన్నది లేదు. ఆ గోడ వెంట ఎండలో నడిచి మ్యూజియం చేరాం. ఆ నడక కలిసొచ్చిందనే అంటాను. గోడ ఎంత పొడుగో కాళ్లకు తెలిస్తే తప్ప లోపలి కథలు తలకెక్కవు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాన్‌కు లొంగిపోయింది. 1936లో ఆరువందల మంది ఖైదీల కోసం కట్టిన ఈ జైల్లోకి మార్చి నెలలో మూడు వేల దాకా పౌరుల్ని తోలారు. అందులో స్త్రీలూ పిల్లలూ నాలుగు వందల మంది. ఆడవాళ్లది ఒక వైపు, మగవాళ్లది మరో వైపు. సైనికులైన భర్తలు కాస్త దూరంలో, బ్యారక్‌లలో. భార్యకు భర్త బతికున్నాడో లేడో తెలియదు, భర్తకు భార్య సంగతీ అంతే.

ఎథెల్ మల్వనీ అనే కెనడా మహిళకు ఒక ఉపాయం తోచింది. ఒక్కో స్త్రీకి జానెడు లేని చదరపు గుడ్డముక్క ఇచ్చి, మీకు తోచింది కుట్టి మీ పేరు పెట్టండి అంది. ఆ ముక్కలన్నీ కలిపితే దుప్పట్లు తయారయ్యాయి. ఒక్కో దుప్పటికి 66 ముక్కలు. గాయపడ్డ సైనికుల కోసం అని చెప్పి ఆసుపత్రికి పంపడానికి అనుమతి అడిగారు. అనుమతి దొరకాలని జపాన్ సైనికులకూ ఒక దుప్పటి కుట్టి ఇచ్చారు. ఆసుపత్రిలో ఆ దుప్పటి చేతులు మారుతుంటే, మూలన తన భార్య పేరు చూసుకున్న మనిషికి ఆమె బతికే ఉందని తెలిసింది. పువ్వులు కుట్టినవాళ్లున్నారు, సొంతూరి ఇల్లు కుట్టినవాళ్లున్నారు, తామున్న జైలు గదినే కుట్టినవాళ్లున్నారు. అసలు దుప్పట్లలో రెండు ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో, ఒకటి ఇంగ్లండులో ఉన్నాయి.

ఆ మల్వనీయే ఇంకో పనీ చేసింది. ఆకలికి నిద్రపట్టని ఆడవాళ్లను కూర్చోబెట్టి, మీరు వండే వంటలు చెప్పండి అని అడిగి రాసుకునేది. పిడికెడు అన్నం తిన్న మనుషులు కేకుల్లో వెన్న ఎంతో, గుడ్లు ఎన్నో చెప్పుకునేవాళ్లు. యుద్ధమయ్యాక కెనడాలో ఆ వంటల్ని పుస్తకంగా అచ్చువేసి అమ్మి, ఆ డబ్బుతో కోలుకుంటున్న యుద్ధఖైదీలకు తిండి సామాన్లు పంపింది.

ఎలిజబెత్ ఎన్నిస్ కథ దగ్గర మా చెల్లెలు కదల్లేదు. ఆమె నర్సు. సింగపూరు పడిపోవడానికి కొద్ది రోజుల ముందు, బాంబులు పడుతుండగా, ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరైన జాక్ ఎన్నిస్‌ను పెళ్లి చేసుకుంది. కాపురం మొదలవకుండానే చెరో చెరలో పడ్డారు. జైల్లో ఆమె ఆడపిల్లల్ని పోగుచేసి గర్ల్ గైడ్స్ దళం నడిపింది. ఆ పిల్లలు చిరిగిన గౌన్ల ముక్కలు ఏరి, పాత కుట్లు విప్పి ఆ దారంతోనే ఆమెకు తెలియకుండా పుట్టినరోజు కానుకగా ఒక దుప్పటి కుట్టడం మొదలెట్టారు. అదిప్పుడు లండన్ యుద్ధ మ్యూజియంలో ఉంది. భార్యాభర్తలిద్దరూ బతికి బయటపడి మళ్లీ కలిశారు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆర్థర్ వెస్ట్రాప్ డైరీ. దాదాపు 400 పేజీలు. ఆయన ఇక్కడ ఖైదులో, భార్య ఆఫ్రికాలో. పోస్టు లేదు. అయినా రోజూ ఆమెకు ఉత్తరం రాస్తున్నట్టే రాశాడు. అందే దారిలేని ఉత్తరాలు అన్ని పేజీలు రాయడానికి ఆ మనిషి ఒంట్లో ఓపిక ఎక్కడిది? మా ఆయన అడిగిన ప్రశ్న ఇది. రాయడం వల్లనే ఓపిక వచ్చి ఉంటుందని నాకనిపించింది.

మధ్యాహ్నం అదే బస్సులో చివరిదాకా వెళ్లి చాంగీ విలేజ్‌లో నాసి లెమాక్ తిన్నాం. కొబ్బరిపాలలో వండిన అన్నం, వేయించిన చేప, గుడ్డు, వేరుశనగలు, తియ్యటి కారం. తలా ఆరు డాలర్లలోపే. పక్క బల్ల మీద కూర్చున్న చైనా పెద్దాయన మేం ఎక్కణ్నుంచి వచ్చామో కనుక్కుని, మ్యూజియం నుంచి అనగానే తన గ్లాసు తీసుకుని మా బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. జపాన్ చేతిలో ఉన్న ఆ మూడున్నరేళ్లూ తన నాయనమ్మ కర్రపెండలం తిని బతికిందని చెప్పాడు. మా కాఫీల డబ్బు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

ఆదివారం, ఆర్చర్డ్ రోడ్డు, క్రాంజీ

ఆర్చర్డ్ రోడ్డు మొదట్లో, మ్యూజియాలకు దగ్గర్లో వైఎంసీఏ భవనం ఉంది. ఇప్పుడున్నది కొత్తది. ఇదే స్థలంలో ఉన్న పాత భవనాన్ని జపాన్ మిలిటరీ పోలీసులు, కెంపెయ్‌తాయ్, చిత్రహింసల కొట్టుగా వాడారు. పేవ్‌మెంటు మీద చిన్న గుర్తుపలక ఉంది. జనం సంచులు మోసుకుంటూ దాని పక్కనుంచే పోతున్నారు.

ఎలిజబెత్ ఛాయ్, ఆమె భర్త ఛాయ్ ఖున్ హెంగ్ ఒక ఆసుపత్రిలో క్యాంటీన్ నడిపేవాళ్లు. చాంగీ జైలు నుంచి వైద్యానికి వచ్చే ఖైదీలకు రహస్యంగా డబ్బు, మందులు, ఉత్తరాలు అందించేవాళ్లు. 1943 అక్టోబరు 10న జైల్లో సోదాలు మొదలయ్యాయి. 57 మందిని పట్టుకెళ్లారు. వాళ్లలో 15 మంది చనిపోయారు. ఛాయ్ భర్తనూ అరెస్టు చేశారు. ఆయన కోసం వెతుక్కుంటూ వెళ్లిన ఆమెను, నీ భర్తను చూపిస్తాం రమ్మని పిలిచి లోపలేశారు. దాదాపు 200 రోజులు ఉంచారు. భర్త కళ్లెదుటే ఆమెకు కరెంటు పెట్టారు. నేరం చేశానని ఆమె చెప్పలేదు. యుద్ధమయ్యాక 1951లో శాసనమండలి సభ్యురాలైంది. 2006 దాకా బతికింది.

ఆ పలక ముందు కాసేపు నిలబడ్డాం. మా చెల్లెలు రోజూ ఈ దారినే ఆఫీసుకి పోతుంది.

సాయంత్రం క్రాంజీ యుద్ధ శ్మశానానికి వెళ్లాం. గుట్ట మీద తెల్లటి స్తంభాల మీద 24 వేలకు పైగా పేర్లు. భారత సైన్యం స్తంభాల దగ్గర పంజాబీ, గూర్ఖా, హైదరాబాద్ రెజిమెంట్లవాళ్లు. నిజాం రాజ్యపు సొంత పటాలం ఒకటి 1941 డిసెంబరులో మలయాలోని కోటా బారూ విమానాశ్రయం దగ్గర మొదటి దెబ్బ తిన్నదని మన పుస్తకాల్లో ఎంతమంది చదివి ఉంటారు? వర్షం అందుకోవడంతో పూర్తిగా చూడలేక దిగొచ్చేశాం.

బుధవారం, భోగి, బగాన్ దాతుక్

మలేసియాలో పెరాక్ రాష్ట్రపు దిగువ భాగంలో, తెలుక్ ఇంతాన్ దాటాక కొబ్బరి తోటలు మొదలవుతాయి. కళ్లకు గంతలు కట్టి తెచ్చి వదిలితే కోనసీమ అనుకోవలసిందే. కాలవలు, తాటాకు పందిళ్లు, గట్టు మీద కొబ్బరి డొక్కల గుట్టలు. వందేళ్ల నాడు విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

ముందురోజు రాత్రి తెలుక్ ఇంతాన్‌లో బస చేశాం. అక్కడ 1885లో కట్టిన ఒరిగిన గడియార స్తంభం ఉంది. దాని కింద రాత్రిపూట మలాయ్‌లూ చైనావాళ్లూ తమిళులూ కుటుంబాలతో వచ్చి కూర్చుంటారు. తెహ్ తారిక్ అంటే పైనుంచి కిందికి తిరగబోసిన నురగ టీ. రొట్టె, పప్పు పులుసు, టీ కలిపి ఇద్దరికీ పది రింగిట్లు కాలేదు.

మమ్మల్ని తోటల్లోకి తీసుకెళ్లింది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. దారిలో చెప్పుకుంటూ వచ్చారు. మొదట్లో జపాన్‌వాడు కూలీలను ఆశపెట్టి పిలిచాడు. మూడు నెలల పని, రోజుకో డాలరు, తిండి, ఇల్లు. వెళ్లినవాళ్లు తిరిగిరాకపోయేసరికి జనం వెళ్లడం మానేశారు. అప్పుడు తోటకి ఇంతమంది అని లెక్క పెట్టి పట్టుకెళ్లారు. ఉచితంగా సినిమా వేస్తామని పిలిచి తలుపులు మూసి లారీలెక్కించిన సంగతులు మలయాలో చాలాచోట్ల చెబుతారు. యుద్ధం తరవాతి అధికారిక లెక్క ప్రకారం మలయా నుంచి వెళ్లిన కూలీలు దాదాపు 78 వేలు, చనిపోయినవాళ్లు 29 వేలకు పైగా. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని చాలామంది పరిశోధకులు అనేమాట. ఎక్కువమంది తమిళులు. తెలుగువాళ్లూ, మలయాళీలూ, మలాయ్‌లూ ఉన్నారు.

మేం వెళ్లేసరికి ఆ ఇంట్లో భోగి వంటలు అవుతున్నాయి. బెల్లం బదులు కొబ్బరి బెల్లంతో, గుల మెలాకాతో, అరిసెలు వత్తుతున్నారు. రంగు నల్లగా, వాసన ఘాటుగా ఉంది. రుచి మాత్రం మన అరిసే. మామ్మ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. తొంభైకి దగ్గర వయసు. చెవులు కాస్త మందం. మాస్టారు నా ఊరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"మా అయ్య ఎల్లిపోయినప్పుడు నాకు ఆరేళ్లు, తల్లీ. కిరాణి పేర్లు రాసుకున్నాడు. మా లైన్లోంచి ఏడుగురు. మూడు నెలలే కదా, నేనొచ్చీసరికి పిల్లకి గౌను కుట్టించు అన్నాడట మా అమ్మతోటి. మరి రానేదు."

కిరాణి అంటే తోట గుమాస్తా, లైను అంటే కూలీల ఇళ్ల వరస. మామ్మ లోపలికి కేకేసి బిస్కెట్ల డబ్బా తెప్పించింది. అందులో పాత గుర్తింపు కార్డులు, ఎవరివో ఫోటోలు, అడుగున ప్లాస్టిక్ కవరులో ఒక నోటు. జపాన్ ప్రభుత్వం మలయాలో అచ్చేసిన పది డాలర్ల నోటు. మధ్యలో గెల వేసిన అరటిచెట్టు. అందుకే దాన్ని అరటి డబ్బు అనేవాళ్లు. మడతల దగ్గర అరిగి, వెలుతురుకు పట్టి చూస్తే సన్నగీతలా అవతలివైపు కనబడుతోంది. ఒక మూల నూనె మరక. బయల్దేరేముందు ఇచ్చిన బయానా అది. దాన్ని ఆయన భార్య చేతిలో పెట్టి వెళ్లాడు. బియ్యం దొరక్క, కర్రపెండలం ఉడకేసుకుని, గోనెపట్టా కట్టుకుని బతికిన రోజుల్లో కూడా ఆమె దాన్ని మార్చలేదు. 1945 సెప్టెంబరులో బ్రిటిష్‌వాళ్లు తిరిగి రాగానే ఆ డబ్బు చెల్లకుండా పోయింది. పక్కింటివాళ్లు పొయ్యిలో వేసుకున్నారు. ఆమె మాత్రం డబ్బాలో పెట్టుకుంది.

"అమ్మ ఎందుకు దాచింది మామ్మా?" అని అడిగాను.

"ఆయన సెయ్యి తగిలింది గదమ్మా దానికి."

తరవాత మామ్మ చెప్పింది ఇంకా కష్టమైన సంగతి. తోటలో ఆడవాళ్లు బొట్టు తీసెయ్యమన్నారట. "శవం సూసేనా, కబురొచ్చిందా, ఏటని తియ్యమంటారు?" అని ఆవిడ ఎదురు అడిగింది. అదే లైన్లో ఇంకొకావిడ యేడాది తిరక్కుండా మారుమనువు చేసుకుంది. ముగ్గురు పిల్లలు, కూడు లేదు. ఆవిణ్ని ఎవరూ ఒక మాట అనలేదట. 1946లో ఒకాయన సయాం నుంచి ఎముకల గూడై తిరిగొచ్చి, భార్య వేరొకరి ఇంట్లో ఉందని తెలిసి, ఆ ఇంటి వాకిట్లోనే కూర్చుని ఇంత గంజి తాగి, పిల్లల్ని చూసి, పక్క తోటకి వెళ్లిపోయాడు. "ఆయనదీ తప్పు కాదు, ఆవిడిదీ తప్పు కాదు" అంది మామ్మ. వాళ్లమ్మ మాత్రం పోయేదాకా బొట్టు పెట్టుకునే ఉంది.

వింటుంటే చాంగీలో చూసిన గుడ్డముక్కలు, డైరీ పేజీలు గుర్తొచ్చాయి. వాళ్ల ప్రేమకు ఒక గుడ్డ దొరికింది, కాగితం దొరికింది, అక్షరం వచ్చు. అది దాచడానికి మ్యూజియాలు ఉన్నాయి. వాళ్ల బాధ తక్కువదని కాదు. కానీ ఇక్కడ అక్షరం రాదు, ఉత్తరం లేదు, పేరు రాసుకున్న కిరాణి పుస్తకం ఏమైపోయిందో తెలియదు. ఈ తల్లి తన భర్తతో ఉన్న చుట్టరికాన్ని ఒక చెల్లని నోటుతో, నుదుటి బొట్టుతో నిలబెట్టుకుంది. చరిత్ర పుస్తకం పట్టుకోలేనిది ఇదే. చారిత్రక కల్పన అనేది రాయదగ్గ చోటు ఉంటే ఇదేనని నాకు ఆ వాకిట్లో గట్టిగా అనిపించింది.

ఈ సంగతులు నా నవలలో వాడుకోవచ్చా అని అడిగాను. మామ్మ కాసేపు ఆలోచించింది. "రాయమ్మా. మా అయ్య పేరు మాత్రం మార్చకు." నోటుపుస్తకంలో ఆ పేరు ఆమె చెబుతుంటే రాసుకున్నాను, ఇంటిపేరుతో సహా. నవలలో అది అలాగే ఉంటుంది. ఇక్కడ రాయను.

వచ్చేటప్పుడు ఆవిడ కోడలు అరిసెలు మూటగట్టి ఇచ్చింది. వద్దంటే ఊరుకోలేదు.

శుక్రవారం, కాంచనబురి

బ్యాంకాక్ థోన్‌బురి స్టేషన్ నుంచి కాంచనబురికి పాసింజరు రైలు. విదేశీయులకు వంద బాట్లు. చెక్క సీట్లు, తెరిచిన కిటికీలు. పచ్చి మామిడి, జామ ముక్కలు ఉప్పుకారం పొట్లంతో అమ్ముతారు. ఉప్పుకారంలో పంచదార కూడా కలుపుతారు, అదొక్కటే తేడా. ఈ రైలు నడిచే పట్టాల్లో చివరి భాగమే ఆ మరణ రైలుదారిలో మిగిలిన ముక్క.

ఆ దారి పొడవు 415 కిలోమీటర్లు. థాయ్‌లాండ్ బాన్ పోంగ్ నుంచి బర్మాలోని థన్‌బ్యూజయాత్ దాకా. సముద్రం మీద మిత్రరాజ్యాల జలాంతర్గాముల భయంతో, బర్మాలోని సైన్యానికి నేలమార్గం కావాలని జపాన్ 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరులో పూర్తిచేసింది. 60 వేలకు పైగా యుద్ధఖైదీలు పనిచేశారు, 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు రెండు లక్షలు దాటారు, చనిపోయినవాళ్లు తొంభై వేల దాకా ఉంటారని అంచనా.

ఆ రైలుదారిలోని క్వాయ్ నది వంతెన దగ్గర జనం విపరీతం. ఫోటోలు తీసుకుని వచ్చేశాం. వంపు తిరిగిన ఉక్కు భాగాలు అప్పటివే, జావా నుంచి తెచ్చినవి. బాంబులకు కూలినచోట యుద్ధం తరవాత వేసినవి మధ్యలోని నలుపలకల భాగాలు.

పట్టణం మధ్యలో యుద్ధ శ్మశానం. 6,982 సమాధులు. గడ్డి కత్తిరించినట్టుగా, ప్రతి పలక దగ్గరా ఒక పూలమొక్క. పేరు, పటాలం, తేదీ, వయసు. అడుగున కుటుంబం ఎంచుకున్న రెండు మూడు మాటలు. తల్లి రాయించినవి, భార్య రాయించినవి వరుసగా చదువుకుంటూ పోయాను. ఇరవై మూడేళ్లు, ఇరవై ఆరేళ్లు. ఎవరో ముసలావిడ ఒక పలక ముందు మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ పక్కనుంచి తప్పుకుని నడిచాం. ద్వారం దగ్గర భారత సైన్యానికి చెందిన 11 మంది ముస్లిం సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. థాయ్‌లాండ్‌లోని ముస్లిం శ్మశానాల్లో పూడ్చినవాళ్లు వాళ్లు. కూలీల పేరు ఒక్కటి కూడా లేదు, ఇది సైనికుల శ్మశానం కాబట్టి.

కూలీల అస్థికలు పెట్టిన స్తూపం పక్కనే ఉన్న వాట్ థావొర్న్ గుడి ఆవరణలో ఉందని విన్నాం. దారి అడుగుతూ పోతే చైనావాళ్ల శ్మశానంలో తేలాం. గుండ్రటి మట్టిదిబ్బల మధ్య గడ్డి కోస్తున్న కుర్రాడికి మా మాట అర్థం కాలేదు. మా ఆయన పార పట్టి తవ్వుతున్నట్టు, నెత్తిన తట్ట మోస్తున్నట్టు చేసి చూపించాడు. కుర్రాడు కొడవలి కిందపెట్టి, రెండు చేతులూ జోడించి, మమ్మల్ని గుడిదాకా తీసుకొచ్చి వదిలాడు.

గుడి ముందు అగరొత్తులు, కొవ్వొత్తి, తామరమొగ్గ కలిపి ఇరవై బాట్లు. అమ్మే ఆవిడ నేను చెప్పులతో మెట్టెక్కబోతుంటే నా మోచెయ్యి మెల్లగా పట్టుకుని చెప్పులు చూపించింది. మన గుళ్లలో లాంటి మర్యాదే, చెప్పే పద్ధతి మాత్రం ఎంత మెత్తగా ఉందో. స్తూపం దగ్గర వెలిగించి దణ్ణం పెట్టాం. అందులో ఎవరున్నారో చెప్పే జాబితా లేదు. 1990లో ఇదే పట్టణంలో తవ్వకాల్లో మరో సామూహిక గొయ్యి బయటపడింది. వందల మంది అందులో. వాళ్లూ కూలీలేనని భావిస్తున్నారు.

సాయంత్రం పాక్ ప్రేక్ వీధికి వెళ్లాం. నదికి దగ్గర్లో పాత చెక్క దుకాణాల వీధి. అందులో బూన్ పోంగ్ అనే వ్యాపారి ఇల్లు ఉంది. శిబిరాలకు కూరగాయలు సరఫరా చేసే కాంట్రాక్టు తీసుకుని, బుట్టల అడుగున మందులు, డబ్బు దాచి ఖైదీలకు చేరవేసినవాడు. పట్టుబడితే ఇంటిల్లిపాదికీ చావే అని తెలిసీ ఆయన కుటుంబం అంతా ఇందులో చెయ్యి వేసింది. వీధి చివర ఒక బండి దగ్గర "జే" అన్న పసుపు జెండా చూసి ఆగాం. జే అంటే మాంసం, చేపల సాసు ఏమీ కలవని భోజనం. పుట్టగొడుగుల కూర, అన్నం నలభై ఐదు బాట్లు. వండే ఆవిడ మేం తినేదాకా ఎదురుగా నిలబడి, ఖాళీ ప్లేటు చూసి మళ్లీ వడ్డించింది. రెండోసారి దానికి డబ్బు తీసుకోలేదు.

శనివారం, హెల్‌ఫైర్ పాస్

కాంచనబురి నుంచి సంఖ్లాబురి వెళ్లే బస్సులో ఎనభై కిలోమీటర్లు. చెబితే గేటు దగ్గర ఆపుతారు. ప్రవేశం ఉచితం, చెవికి పెట్టుకుని వినే యంత్రం కూడా ఉచితం. అందులో అక్కడ పనిచేసి బతికిన మాజీ ఖైదీల గొంతులే మాట్లాడతాయి. ఇది ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే చోటు.

మెట్లు దిగితే వెదురు అడవి. తరవాత రెండు పక్కలా రాతిగోడలు. 1943 ఏప్రిల్‌లో ఈ కొండను కోయడం మొదలైంది. ఒకడు ఉలి పట్టుకుంటే ఒకడు సమ్మెటతో కొట్టేవాడు. రోజుకు ఇంత లోతు అని లెక్క. లెక్క అందకపోతే దెబ్బలు. రాత్రిళ్లు వెదురు మంటలు, నూనె దీపాలు పెట్టి పని చేయించారు. పై నుంచి చూస్తే నరకంలా కనిపించేదట. అందుకే హెల్‌ఫైర్, అంటే నరకాగ్ని, అన్న పేరు. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. వేలు పట్టేంత సన్నటి గాడి, నా భుజం నుంచి మోకాలి దాకా నిట్టనిలువుగా. ఒక గాడిలో విరిగిన ఇనుప ఉలి ముక్క ఇప్పటికీ ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ రాయి తుప్పు రంగు తేలింది.

ఆ మే, జూన్ నెలల్లో వానలతోపాటు కలరా వచ్చింది. సైనికుల శిబిరాల్లో వాళ్ల డాక్టర్లు ఉన్నారు, నీళ్లు కాచి తాగమని గట్టిగా చెప్పే అధికారులు ఉన్నారు. కూలీల శిబిరాల్లో ఎవరూ లేరు. భార్యాపిల్లలతో వచ్చినవాళ్లూ ఉన్నారు అక్కడ. చనిపోయినవాళ్లతోపాటు ఇంకా కొన ఊపిరితో ఉన్నవాళ్లను కూడా గుడిసెలతో సహా తగలబెట్టారని బతికినవాళ్లు చెప్పారు. ఇది రాయక తప్పదు. నా నవలలో కూడా తప్పదు.

నడక దారి చివర రాళ్ల సందుల్లో కుటుంబాలు గుచ్చి వెళ్లిన చిన్న జెండాలు, ఎర్ర కాగితపు పూలు, లామినేషన్ చేసిన ఫోటోలు. అన్నీ తెల్లవాళ్లవే. మా దగ్గర ఏమీ లేవు. మామ్మ కోడలు ఇచ్చిన అరిసెల్లో చివరిది సంచిలో ఉంటే మా ఆయన దాన్ని ఒక రాతి మీద పెట్టాడు. చీమలు వెంటనే వచ్చాయి.

ఇంటికి వచ్చాక

యుద్ధ శ్మశానం పక్కనే ఉన్న రైల్వే పరిశోధనా కేంద్రంలో ఖైదీల రికార్డులు ఉన్నాయి. తాత కోసం వెతుక్కుంటూ వచ్చే మనవళ్లకు ఆయన ఏ శిబిరంలో ఉన్నాడు, ఎక్కడ పోయాడు అన్నది చెప్పగలుగుతారు. మన కూలీల మనవళ్లకు అలాంటి చోటు లేదు. అందుకని వచ్చిన మర్నాడే మా అమ్మ పుట్టింటి ఊళ్లో పెద్దవాళ్లకి ఫోన్లు చేశాను. ఇద్దరు పేర్లు చెప్పారు. ఒకాయన 1937లో వెళ్లి, 1941 దాకా డబ్బు పంపి, ఆ తరవాత జాడ లేకుండా పోయాడు. ఇంకొకాయన భార్యను కూడా తీసుకెళ్లాడు.

మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో మలయా తోటలకు వెళ్లి 1941 తరవాత ఉత్తరం ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. పేరు, ఇంటిపేరు, ఊరు, వెళ్లిన ఏడాది, తోట పేరు తెలిస్తే అదీ రాసి పెట్టండి. వాళ్లతో వెళ్లిన ఆడవాళ్ల పేర్లు కూడా అడగండి. వాటిని ఎవరూ అడగరు.